అత్తయ్య ఇచ్చినది

"అమ్మాయ్, వేలు పొడుచుకున్నావా?"

వంటింట్లోంచి చూడామణి రోజూ వేసే కేక అది. ఇంకో ఇంట్లో అయితే కాఫీ తాగావా అని అడుగుతారు. జగ్గయ్యపేటలోని ఆ డాబా ఇంట్లో మాత్రం కోడలు రాగసుధ వేలి చివర సూదితో పొడుచుకుని, చిన్న మిషనుకి రక్తపు చుక్క అంటించి, అంకె చెప్పాకే కాఫీ గిన్నె స్టవ్ ఎక్కుతుంది.

"నూట ముప్ఫై అత్తయ్యా."

"నిన్నటికంటే ఎక్కువే. రాత్రి ఏం తిన్నావేంటి?"

"మీరు పెట్టిందే."

ఆమె భర్త ఆత్రేయ పేపరు వెనక నవ్వాడు. "నువ్వు చేసిన పుల్కాలో పంచదార దాక్కుందేమో చూడమ్మా."

"నువ్వూరుకోరా. నందిగామ బస్టాండులో నువ్వు లాగించే మైసూర్‌పాకుల సంగతి నాకు తెలీదనుకోకు."

నందిగామ కాలేజీలో లెక్కలు చెప్పే ఆత్రేయ గబుక్కున పేపరు పైకి లేపుకున్నాడు. రాగసుధకి నవ్వు వచ్చింది గానీ, అది పెదవుల దాకా రాకుండానే ఆగిపోయింది. ఈ ఇంట్లో ఆమె నవ్వులన్నీ అలాగే ఆగిపోతున్నాయి కొంతకాలంగా.

మూడేళ్ల క్రితం ఆమె రెండు కిడ్నీలూ పాడైపోయాయి. తల్లి లేదు. తండ్రికి బీపీ. ఆత్రేయ బ్లడ్ గ్రూపు కలవలేదు. అందరూ తలలు పట్టుకుని కూర్చున్నప్పుడు చూడామణి, "నాది చూడండి బాబూ" అంది. హైదరాబాదులో కిడ్నీ మార్పిడికి అనుమతిచ్చే కమిటీ వాళ్లు ఆవిడని ఒక్కదాన్నే లోపల కూర్చోబెట్టి, "అత్తగారు కోడలికివ్వడం మేం ఎక్కడా చూళ్లేదు. ఎవరైనా బలవంతం చేస్తున్నారామ్మా?" అని అడిగారు. "నన్ను బలవంతం చేసే మొనగాడు మా ఇంట్లో ఇంకా పుట్టలేదండి" అందిట ఆవిడ.

ఆ మాట ఊరంతా పాకింది. గుమ్మం తొక్కిన ప్రతివాళ్లూ అదే చెబుతారు. ఎదురింటి దుర్గాంబ అయితే, "ఆవిడ కాళ్లు కడిగి ఆ నీళ్లు నెత్తిన చల్లుకో అమ్మాయ్" అంటుంది. రాగసుధ తల ఊపుతుంది. నిజమే కదా, కాదనడానికి ఏముంది? కానీ తల ఊపీ ఊపీ ఆమెకి మాటలు తగ్గిపోయాయి. కూరలో ఉప్పెక్కువైందని అత్తగారితో అనలేదు. ఫలానా సినిమాకి వెళ్తానని అనలేదు. విసుగొస్తే మొహం ముడుచుకునే హక్కు కూడా ఆమెకి లేదనిపించేది. ప్రాణం పోసినావిడ మీద అలుగుతారా ఎవరైనా? కిడ్నీ నిలబడడానికి వాడే మందుల వల్లే ఏడాది తిరక్కుండా షుగరొచ్చింది. అప్పుడు చూడామణి ఇంట్లోంచి పంచదార డబ్బానే తీసేసింది. ఉగాది పచ్చడి కూడా బెల్లం లేకుండా చేసింది. పులుపూ చేదూ మింగుతూ ఆత్రేయ పెట్టిన మొహం చూసి పక్కింటి పిల్లలు పడిపడి నవ్వారు. అదీ తనవల్లే అనుకుంది రాగసుధ. ఇంటి నిండా మనుషులున్నా, ఆ రోజు ఆమె దొడ్లోకి వెళ్లి ఒంటరిగా కూర్చుంది.

ఆ ఒంటరితనంలోకే పడవ వచ్చింది.

కిడ్నీ మార్పించుకున్నవాళ్లంతా కలిసి పెట్టుకున్న ఒక సంఘం, భీమిలి దగ్గర సముద్రంలో కయాక్‌లు నడిపి డయాలసిస్ రోగులకి విరాళాలు పోగుచేద్దామనుకుంది. సన్నటి ఒంటి మనిషి పడవలవి. తెడ్డుకి రెండు కొసల్లోనూ రెక్కలుంటాయి. రాగసుధ పేరిస్తానంటే అందరూ వింతగా చూశారు. ఆమెకి మాత్రం విజయవాడలో డయాలసిస్ అప్పుడు పక్క మంచం మీద పడుకునే పున్నమ్మ గుర్తొచ్చింది. "నీకు అత్త ఉంది తల్లీ, నాకెవరున్నారు?" అనేది పున్నమ్మ. ఒక సోమవారం ఆ మంచం మీద వేరే మనిషి పడుకుని ఉంది.

డాక్టరు అన్ని పరీక్షలూ చేసి సరేనన్నాడు. జగ్గయ్యపేటలో డ్రిల్లు మాస్టారు వెస్లీ ఆ సంఘంలోనివాడే. ఆయనా తమ్ముడి కిడ్నీతో బతుకుతున్నవాడు. ఆదివారం ఆదివారం ముక్త్యాల దగ్గర కృష్ణలో నేర్పించేవాడు. నీళ్లమీదికి వెళ్లాక ఒడ్డు మాటలు వినపడవు. అక్కడ ఎవరూ ఆమెని నువ్వెవరి దయవల్ల బతికున్నావని అడగరు. కుడి, ఎడమ, కుడి, ఎడమ. తన చేతులు, తన ఊపిరి. అంతే.

భీమిలి వెళ్లడానికి ఇంకొక్క వారమే ఉంది. చూడామణి ఇంతవరకూ ఔనూ అనలేదు, కాదూ అనలేదు.

"వెళ్లొస్తా అత్తయ్యా" అని రాగసుధ బ్యాగు భుజాన వేసుకుంది.

"ఊఁ" అంది చూడామణి, చేటలో బియ్యం మీంచి తల ఎత్తకుండానే.

ఆరోజు నదిలో గాలి ఎదురుగా ఉంది. సముద్రానికి ఇదే మంచి సాధనని వెస్లీ ఆమెని చాలా దూరం తీసుకెళ్లాడు. వెనక్కి తిరిగేసరికి రాగసుధకి నుదుటి మీద చల్లటి చెమట పట్టింది. వేళ్లు తెడ్డు మీద వణికాయి. ఒడ్డున సిమెంటు లారీలు రెండేసిగా కనిపించాయి.

పొద్దున వేసుకున్న షుగరు మందుకి ఈ శ్రమ తోడై షుగరు పడిపోతోందని ఆమెకి తెలిసిపోయింది. అందుకే బ్యాగులో ఎప్పుడూ చాక్లెట్లూ గ్లూకోజు పొడీ పెట్టుకుంటుంది. ఒళ్లో ఉన్న బ్యాగు జిప్పు తీసింది. లోపల ఒక స్టీలు డబ్బా ఉంది. మూత తీస్తే చక్కగా గుండ్రంగా తరిగిన కీరా ముక్కలు.

"సార్..." అంది. నాలుక మొద్దుబారి ఆ పైన మాట రాలేదు.

వెస్లీ తన పడవని ఆమె పడవకి ఆనించి, పడిపోకుండా భుజం పట్టుకున్నాడు. చేపలు పట్టుకునేవాళ్లని కేకేస్తే వాళ్లు రెండు పడవల్నీ ఒడ్డుకి లాగారు. టీకొట్టు వాడిచ్చిన పంచదార గుప్పెడు వెస్లీ ఆమె నోట్లో పోశాడు. కాసేపటికి లారీలు మళ్లీ ఒక్కొక్కటిగా కనిపించాయి.

"నా జేబులో చాక్లెట్లు నేను ముందే తినేశా మేడం. బ్యాగు మీరు చూసుకోలేదా?"

"నిన్న నేనే సర్దుకున్నానండి" అంది రాగసుధ. ఏం జరిగిందో అప్పటికే ఆమెకి అర్థమైంది.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆత్రేయ విస్తుపోయి చూస్తుండగా, స్టీలు డబ్బా తెచ్చి చూడామణి ముందు పెట్టింది.

"ఇది మీరే పెట్టారా అత్తయ్యా?"

"నేనే. నీ బ్యాగు నిండా చాక్లెట్లు చూసి నా కడుపు తరుక్కుపోయింది. ఇంట్లో మేమంతా నోరు కట్టుకుంటుంటే, నదికి పోయి చాటుగా అవి తింటావా? నేనిచ్చిందాన్ని నువ్వు పాడు చేసుకుంటుంటే చూస్తూ కూర్చోనా?"

"ఇందాక నీళ్లమీద షుగరు పడిపోయింది, అవి లేక కళ్లు తిరిగాయి. వెస్లీ మాస్టారు లేకపోతే ఈపాటికి..."

"సుధా!" అని లేచాడు ఆత్రేయ. "అమ్మతో అలాగేనా మాట్లాడేది? అమ్మ నీకు..."

"తెలుసండీ! ఏమిచ్చిందో తెలుసు. రోజూ ఎవరో ఒకరు గుర్తుచేస్తూనే ఉన్నారు." మూడేళ్లలో ఆమె గొంతు అంత పైకి లేవడం అదే మొదలు. "ఒక్కటి చెప్పండి అత్తయ్యా. మీరు నాకు ఇచ్చేశారా, దాచిపెట్టమని నా ఒంట్లో పెట్టారా? ఇచ్చేస్తే అది నాది. నేను తింటా, తిరుగుతా, సముద్రంలోకి వెళ్తా. దాచిపెట్టమన్నట్టయితే చెప్పండి, గదిలోంచి కదలను."

చూడామణి మొహం పాలిపోయింది. కోడలి ప్రశ్నకి కాదు, ఆవిడ ఇంకా మొదటి మాట దగ్గరే ఆగిపోయి ఉంది.

"షుగరు పడిపోవడమేంటి?" అంది మెల్లగా. "ఎక్కువవడమే కదా జబ్బు?"

"తక్కువైతే ఇంకా ప్రమాదం. నిమిషాల్లో మనిషి పోవచ్చు. అప్పుడు తీపే మందు."

"ఎవరు చెప్పారు నాకు?"

చూడామణి కొడుకునీ కోడలినీ మార్చి మార్చి చూసింది.

"మీరిద్దరూ హైదరాబాదు వెళ్తారు, వస్తారు. డాక్టరేమన్నాడంటే 'అంతా బాగుందమ్మా' అంటాడు వీడు. నువ్వు అదీ అనవు. తలొంచుకుని గదిలోకి పోతావు. నాకు తెలిసిందల్లా పక్కింటివాళ్లు చెప్పిందే. తీపి విషం, తీపి విషం అంటే పంచదార డబ్బా తీసుకెళ్లి దానమిచ్చేశాను. నా చేతులతో నేనే నిన్ను..." ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇదివరకు నువ్వు నాతో పోట్లాడేదానివి అమ్మాయ్. పప్పులో పోపు మాడిందని ఎక్కిరించేదానివి. ఆపరేషనయ్యాక అత్త పోయి దేవుడి పటమొకటి వచ్చింది నీకు. దణ్ణం పెట్టేవాళ్లే గానీ పటంతో కబుర్లు ఎవరు చెబుతారు?"

ఇంతకాలం రాగసుధ తనొక్కతే ఒంటరిదాన్ననుకుంది. పక్కగదిలో ఈవిడ కూడా అలాగే రోజులు గడిపిందన్న ఆలోచనే తట్టలేదు. ఆస్పత్రినుంచి వచ్చాక అందరూ తనని జ్వరమొచ్చిందా, మందులేసుకున్నావా అని అడిగారు. ఆవిడని అడిగినవాళ్లు ఎవరు? కనీసం తను?

ఆమె నేలమీద, అత్తగారి మోకాళ్ల దగ్గర కూర్చుంది.

"అత్తయ్యా, మీకు అక్కడ ఇంకా నొప్పిగా ఉంటుందా?"

ఆ ప్రశ్న వినడం ఆవిడకి కొత్త.

"చలికాలం లాగుతుంది. ఎడమపక్కకి తిరిగి పడుకోలేను" అంది. తర్వాత పమిట కొంచెం జరిపింది. పక్కటెముకల కింద, వీపుదాకా పాకిన పొడవాటి మచ్చ. ఒకే ఇంట్లో మూడేళ్లుండి రాగసుధ దాన్ని చూడడం అదే మొదటిసారి. ఆత్రేయ మొహం పక్కకి తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

"ఎంత పెద్దదత్తయ్యా..."

"నీదీ చూపించవే. నేను ఎప్పుడైనా అడిగానా?" అని, కొడుకు వైపు తిరిగి, "నువ్వు అవతలికి పో. వెళ్లి భీమిలికి మూడు టిక్కెట్లు చూడు. బందరు దాకా పోయొచ్చాను గానీ సముద్రం మొహం చూళ్లేదు నేను" అంది.

ఆత్రేయ వెళ్లాక రాగసుధ చీర కుచ్చిళ్ల అంచు కాస్త కిందికి దించి, పొత్తికడుపు కుడివైపు చూపించింది. చూడామణి చెయ్యి చాచి, మధ్యలో ఆపేసింది.

"ముట్టుకోవచ్చా?"

"మీదే కదా అత్తయ్యా."

"కాదులే. నీదే" అంది చూడామణి. అరచెయ్యి మెల్లగా ఆ మచ్చమీద ఆనించి, చాలాసేపు అలాగే ఉంచింది.

"వెచ్చగా ఉందే... కొట్టుకుంటున్నట్టుంది కూడానూ."

"కిడ్నీ గుండెలా కొట్టుకోదు అత్తయ్యా" అంది రాగసుధ. నవ్వు ఈసారి ఆగకుండా బయటికొచ్చేసింది, దాంతోపాటే కన్నీళ్లూ. "అది మీ చెయ్యి వణుకుతోంది."