ఇస్త్రీ పెట్టిన నోట్లు

"చింపేశారా!... ఏమండీ, నిజంగానే చింపేశారా?"

నిన్న సాయంత్రం కొట్టు గోడకు తాను అతికించుకున్న స్కానర్ కాగితం రెండు ముక్కలై బల్ల కింద పడి ఉంది. భర్త వైపు తిరిగిందామె. మహమ్మారి ఆంక్షలు సడలి ఇస్త్రీ కొట్టు మళ్ళీ తెరిచారన్న మాటే గానీ, నోటు ముట్టుకోవాలంటే జనం పామును చూసినట్టు జంకుతున్నారు. అందుకే ఇస్త్రీకి బట్టలు వేసే నర్సమ్మను బతిమాలి, ఫోనులో డబ్బు తీసుకోవడం నేర్చుకుంది. ఆయనకు బ్యాంకు ఖాతా అంటూ ఏనాడైనా ఉంటే కదా! సొమ్ము చేరేది ఆమె ఖాతాకే. అదిగో, అక్కడే వచ్చింది తంటా.

"పొద్దస్తమానం పెట్టె తోసేది నేను, డబ్బు నీ ఖాతాలోకా? పెళ్ళాం దగ్గర జీతానికి కుదిరాడంటారే నన్ను!"

"నేను తోయలేదా అండీ?... ఇన్నేళ్ళుగా?" ఆమెకు మోచేతుల దాకా కాలిన మచ్చలున్నాయి. ఏనాడూ ఎవరికీ చూపించుకోలేదు, ఇప్పుడూ చూపించలేదు.

ఆయన ఉపాయం ఆయనకుంది మరి! నోట్లన్నీ సబ్బునీళ్ళలో ముంచి, ఆరేసి, చొక్కా కాలరుకు పెట్టినంత శ్రద్ధగా ఇస్త్రీ పెట్టాడు. ఆ వేడికి ఏ క్రిమైనా చావాల్సిందేనట! ఒక నోటు అంచు మాడింది కూడా. చూస్తున్న అత్తగారు ఊరుకోలేదు.

"ఒరేయ్, నోటుకు మడతలు పోయాయి గానీ నీ బుర్రకు పోలేదురా!"

వినిపించుకోకుండా బట్టల మూట, చిల్లర ఇవ్వడానికి కరకరలాడే ఆ నోట్లు పట్టుకుని బయలుదేరాడు. వెళ్ళినంత వేగంగానే తిరిగొచ్చాడు. ఆ ముఖం... అబ్బ, ఆ ముఖం చూడలేకపోయింది ఆమె! బట్టలు తీసుకున్నారు గానీ ఆయన చిల్లర ఒక్కరూ అందుకోలేదు. ఫోనులో తీసుకోకపోతే ఇక బట్టలు వేరేచోట వేసుకుంటామని ప్రతి గుమ్మంలోనూ అదే మాట.

"నాన్న పెట్టిన కొట్టు... నా చేతుల్లోనే మూతపడేలా ఉందే..." అంటూ కూలబడ్డాడు.

ఎత్తిపొడవడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. ఆమె ఎత్తిపొడవలేదు. కాగితం ముక్కలు ఏరి, గంజి రాసి, గీతకు గీత కలిపి అట్టకు అతికించింది. "మీకూ ఖాతా తెరిపిద్దామండీ. అప్పుడిది తీసేసి మీది పెట్టుకుందాం. కొట్టు నిలబడితే నాకదే పదివేలు" అంది.

అంతలో మందుల షాపాయన ప్యాంట్ల కోసం వచ్చాడు. అట్ట ముందు ఫోను పెట్టాడు. అతుకుల కాగితమైతేనేం, డబ్బు చేరినట్టు ఆమె ఫోను మోగింది! షాపాయన తన ఫోను తెర మీద పేరు చూసి నవ్వాడు.

"ఏం బావా, సొమ్మంతా అక్కయ్యకేనా?"

ఆమె గబుక్కున అట్ట మీద చెయ్యి పెట్టింది. అయిపోయింది... మళ్ళీ చింపేస్తాడు! భర్త లేచి నిలబడ్డాడు.

"అవునయ్యా, ఆవిడకే! నేను మూసుకునేదాకా తెచ్చిన కొట్టును నిలబెట్టింది మా ఆవిడ. ఖాతా ఆవిడదే, ఎప్పటికీ ఆవిడదే ఉంటుంది!"

ఎంత గర్వం ఆ గొంతులో! పెళ్ళైనప్పటి నుంచీ ఆ గొంతు కోసమే ఎదురుచూసిందని ఆమెకు అప్పుడు గానీ తెలియలేదు. తల ఎత్తుకుని పెట్టె అందుకుంది గానీ, ఎదురుగా పరిచిన చొక్కా మీద కన్నీళ్ళు టపటపా రాలాయి. ఆయన గబగబా నీళ్ళ గిన్నె తీసుకుని పక్కకొచ్చి నిలబడ్డాడు.

"ఏడవకే పిచ్చిదానా! నీళ్ళు చల్లడానికి నేనున్నాగా!"