అవ్వ ఇచ్చిన పిల్ల

ముసురు పట్టిన ఆ మధ్యాహ్నం జనగామ సగం నిద్రలో ఉంది. డిటెక్టివ్ గజాలా ఆఫీసులో అసిస్టెంట్ రవితేజ కూడా సగం నిద్రలోనే ఉన్నాడు. తడిసిన చెప్పులతో లోపలికొచ్చిన అమ్మాయి మొదట అతనికి కలలో మనిషనే అనిపించింది. పేరు సౌజన్య, వయసు పదిహేడు. పోయిన ఏడాది చనిపోయిన బట్టల షావుకారు ఈశ్వరయ్య దత్తపుత్రిక.

"మా చిన్నబాపు కోర్టుల కేసేసిండు. నా దత్తత చెల్లదట. నేను మా అమ్మకు ఏం కానట" అంది.

చిన్నబాపంటే ఈశ్వరయ్య తమ్ముడు రమాకాంత్. పిల్ల అడ్డు తొలగితే, వదిన కళావతి తర్వాత దుకాణం తనదేనని ఆయన ఆశ. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఈశ్వరయ్య కూడా లేడాయె.

పదిహేనేళ్లు పెంచాక కూడా రద్దు చేస్తారా అని రవితేజ ఆశ్చర్యపోయాడు. సరిగా జరిగిన దత్తతను పెంచినవాళ్లు కూడా రద్దు చేయలేరని గజాలా చెప్పింది. ఆ రోజు అది సరిగా జరిగిందా లేదా, కోర్టు చూసేది అదే. కన్నవాళ్లు చేతులారా ఇవ్వాలి, పెంచేవాళ్లు చేతులారా పుచ్చుకోవాలి. నాయనమ్మ ఇస్తే అది ఇచ్చినట్టే కాదు.

రమాకాంత్ దావాలో ఉన్నది సరిగ్గా అదే: పిల్లను నాయనమ్మ ఇచ్చిందని. సౌజన్య కన్నతండ్రి ఆమె పుట్టకముందే పోయాడు, కన్నతల్లి ఓదెమ్మ దత్తత జరిగిన కొన్నాళ్లకు పోయింది. రిజిస్టరు కాగితం లేదు. కళావతి ఎంత చెప్పినా సొంత లాభం కోసమేనంటారు. మిగిలిన సాక్షి మొగుళ్లపల్లిలో ఓదెమ్మ పక్కింటి పోశాలు. ఆయన రాసిచ్చిన ఉత్తరమే రమాకాంత్ బలం. ఎవరో తనను ఎత్తి ఇంకొకరి ఒళ్లో పెట్టినట్టు కల వస్తుంటుందని సౌజన్య చెప్పింది. పాపం, కలలు కోర్టుకు ఎక్కవు.

మర్నాడు మంచులో మునిగిన పత్తి చేల మధ్య బస్సు మెల్లగా వెళ్లింది. మొగుళ్లపల్లిలో పోశాలు ఏమీ దాచలేదు.

"అవ్వనే ఇచ్చింది బిడ్డా. ఎత్తుకొచ్చి కళావతమ్మ ఒళ్లె ఏసింది. నా కండ్లతోటి చూసిన."

ఇక కేసు పోయినట్టేననుకున్నాడు రవితేజ. అతనిది తెనాలి, ఈ యాసను సినిమాల్లో విని నవ్వుకుంటూ పెరిగినవాడు. ఇంతలో పోశాలు మనవడు "అవ్వా, ఆకలైతంది" అని కేకేస్తే, ఇంట్లోంచి పాతికేళ్ల కోడలు పళ్లెంతో వచ్చింది. గజాలా నవ్వి, పెద్దాయనను పక్కకు తీసుకెళ్లి రెండు ప్రశ్నలడిగింది. తర్వాత జనగామకు రమ్మని బతిమాలింది.

ఆదివారం కళావతి ఇంట్లో పోశాలుతో సహా అందరూ కూర్చున్నారు. ఒంగోలు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ రమాకాంత్ లాయరు కూడా వచ్చాడు. పోశాలు ఉత్తరం చదవమని గజాలా ఆయన్నే అడిగింది.

"ఇందులో అవ్వ అంటే ఎవరు సార్?"

"నాయనమ్మ" అన్నాడాయన.

"మీ దిక్కు. మొగుళ్లపల్లిల అవ్వ అంటే కన్నతల్లి."

పోశాలు తెల్లబోయాడు. "మరి? తల్లి గాక ఇంకెవలిస్తరు?"

ఓదెమ్మ అత్త సౌజన్య పుట్టకముందే చనిపోయిందని కూడా ఆయనే చెప్పాడు. లేని నాయనమ్మ పిల్లను ఎలా ఇస్తుంది? రవితేజకు సిగ్గేసింది, తానూ ఆ తప్పే చేశాడు. లాయరు రమాకాంత్ వైపు తిరిగి, దావా మీకు అక్షరం అక్షరం చదివి వినిపించాను కదా, నాయనమ్మ కాదని అప్పుడే ఎందుకు చెప్పలేదు అన్నాడు.

"సారుది పొరపాటు. మీది పొరపాటు కాదు" అంది గజాలా రమాకాంత్‌తో. "ముప్పై ఏండ్లు దుకాణంల కూసున్నరు. మా అవ్వకు చీర కావాలని పిల్లలొస్తే, ముసలోళ్ల చీరలు చూపెట్టిన్రా?"

తెలిసే ఊరుకున్నానని రమాకాంత్ ఒప్పుకున్నాడు. కేసు వాపసు తీసుకుంటామని లాయరే చెప్పేశాడు. రమాకాంత్ లేచి గడప దాకా వెళ్లాడు. కళావతి అతని ముఖం కూడా చూడలేదు.

సౌజన్య అడ్డంగా వచ్చి నిలబడింది. కళ్ల నిండా నీళ్లు, గొంతు మాత్రం గట్టిగా ఉంది.

"చిన్నబాపూ, అన్నం తిని పో. మా ఇంటికొచ్చి ఒట్టిగ పోతే బాగుండది."

రమాకాంత్ వెనక్కొచ్చి కూర్చున్నాడు. కళావతి కొంగుతో కళ్లు తుడుచుకుని, కూతురికి గిన్నెలు అందించడానికి లేచింది.