రెండు వేళ్ళ కన్ను

"ఇంక నా వల్ల కాదత్తా! నీ కొడుకుని నువ్వే సూసుకో!"

నూకరత్నం విసిరిన గరిటె గుమ్మం దాటి వాకిట్లో పడింది. మొగుడు కన్నారావు తోసేసిన కంచం అప్పటికే అక్కడ ఉంది! పొద్దున్నే లేచి చేసిన చేపల పులుసంతా కోళ్ళ పాలయింది. ఇంతకీ గొడవ ఎందుకని? ఉప్పు తక్కువైందట! నిన్న ఎక్కువైందట, మొన్న అసలు పులుసే ఎందుకు చేశావట... ఏ ఆడది మాత్రం ఎంతకని ఓర్చుకుంటుంది!

కన్నారావు మొదటినుంచీ ఇలాంటివాడు కాదు. సర్కారు బోటు మీద లస్కరుగా తాళ్ళు విసిరే రోజుల్లో ఇంటికొస్తూనే నవ్వులు తెచ్చేవాడు. జెట్టీకీ బోటుకీ మధ్య కుడిచెయ్యి నలిగిపోయిన నాటినుంచి ఆ వేళ్ళు సరిగా ముడుచుకోవు. ఇక బోటు మీద పనికిరావని ఇంటికి పంపేశారు. అప్పట్నుంచీ సిప్పీఘాట్ ఉప్పుటేరు ఒడ్డున, ఇంటి అరుగు మీద కూర్చోవడం, నీళ్ళకేసి చూడడం, పెళ్ళాం మీద ఎగరడం... ఇదే బతుకు! కళ్ళెదురుగానే ఉన్న మనిషి రోజురోజుకీ దూరమైపోతున్నాడే అని నూకరత్నం లోలోపల కుమిలిపోయేది.

ఆ రోజు అత్త యర్రమ్మ లోపలికి వెళ్ళి పెట్టె తెరిచింది. మొగుడితో ఓడెక్కి ఈ దీవులకి వచ్చిననాడు తెచ్చుకున్న వల సూది తీసుకొచ్చి కొడుకు ఒళ్ళో పడేసింది.

"యిసురువల అల్లరా. సెయ్యి అదే సాగుద్ది."

"అబర్డీన్ బజార్లో నైలాన్ వలలు రెడీమేడ్ ఏలాడతన్నాయి. ఇదెవడికి కావాలే అమ్మా?"

"నీకు కావాలి. అల్లు!"

ముడికీ ముడికీ మధ్య ఉండే వల కన్ను అంతటా ఒకే కొలతలో రావడానికి అందరూ వెదురు బద్ద పెట్టుకుంటారు. యర్రమ్మకి అది నామోషీ! "మా యింట ఏళ్ళే బద్ద" అని ఊరంతా చెప్పుకునేది. ఎడమచేతి రెండు వేళ్ళ మీద దారం తిప్పి, కుడిచేత్తో ముడి బిగించడమే వాళ్ళ ఇంటి పద్ధతి.

కన్నారావు ఒక వరస అల్లడం, సూది గోడకేసి కొట్టడం... టీ తాగడానికని మల్లేశు దుకాణానికి పోవడం! అది చూసి నూకరత్నానికి ఒళ్ళు మండిపోయేది. మండినా, వల ఆగిపోవడం చూస్తూ ఊరుకోలేకపోయింది. ఆయన అటు వెళ్ళగానే ఇటు తను కూర్చుని నాలుగు వరసలు అల్లి, ఏమీ ఎరగనట్టు ఎక్కడిదక్కడ పెట్టేసేది. మర్నాడు కన్నారావు వల ఎత్తి చూసి, "నిన్న ఇంత అల్లీసానేటి!" అని మురిసిపోయాడు. ఆ పూట మారన్నం అడిగాడు! పొయ్యి దగ్గర నిలబడి నూకరత్నం కళ్ళు ఒత్తుకుంది. ఆ తర్వాత ఇక మానలేకపోయింది. పెళ్ళయిన నాటినుంచి ఆయన చెయ్యని పనులన్నీ తనే చేసింది. ఆఖరికి ఆయన చేసే పని కూడా తన నెత్తినే పడింది, ఏం ఖర్మో!

వల పూర్తయింది. ఏటిలోకి పోటు నీళ్ళు ఎక్కిన వేళ కన్నారావు మొలలోతుకి దిగాడు. ఒడ్డున తల్లీ పెళ్ళామూ నిలబడ్డారు. ఎన్నాళ్ళకో ఆయన ముఖం వెలిగింది. ఊపిరి బిగబట్టి విసిరాడు... గుండ్రంగా విచ్చుకోవలసిన వల ముద్దగా దబ్బున పడింది! మళ్ళీ విసిరాడు. మళ్ళీ ముద్దే!

"అరే భయ్యా! జాల్ ఏసినావా, బొంత ఏసినావా?" ఒడ్డునుంచి మల్లేశు పకపకా నవ్వాడు.

కన్నారావు వల ఈడ్చుకుంటూ ఇంటికొచ్చి, దాన్ని కోసెయ్యడానికి కత్తి తీశాడు. కళ్ళనిండా నీళ్ళు! "ఈ సెయ్యి ఇంక దేనికీ పనికిరాదే అమ్మా... దేనికీ!"

"కొయ్యకు!" నూకరత్నం అడ్డం పడింది. "తప్పు నీ సెయ్యిది కాదు... సగం వరసలు నానే అల్లాను! నీ ఏళ్ళు లావు, నా ఏళ్ళు సన్నం. నా వరసల్లో కళ్ళన్నీ సిన్నయిపోయి వల బిగుసుకుపోనాది!"

కన్నారావు చేతిలోని కత్తి జారిపోయింది.

"అయితే... వల పెరిగింది నా వల్ల కాదా? నాను బాగుపడతన్నాననుకున్నాను రత్నం..."

 ఆ మాటతో నూకరత్నానికి ఇన్నాళ్ళ విసుగూ కట్టలు తెంచుకుంది.

"ఒరి బాబో, నీతో నాను యేగలేను! సగమంటే మిగతా సగం ఎవుడు అల్లినాడు? మీ తాతా? ఇదిగో, నీ మొదటి ముడి లాగు! జారిపోనాది కదా? ఇప్పుడీ అంచున ఆఖరి ముడి లాగు. ఇదీ నీదే! లాగమంటంటే!"

కన్నారావు కుడిచేత్తో లాగాడు. ముడి కదల్లేదు. మళ్ళీ లాగాడు. దారం పట్టుకున్న తన వేళ్ళకేసి చూసుకున్నాడు. ఇన్నాళ్ళూ ముడుచుకోని ఆ వేళ్ళు గట్టిగా ముడుచుకుని ఉన్నాయి!

"నువ్వు మారన్నం అడిగినావని అల్లాను మావా... అంతకంటే నాకేటీ తెలీదు," అని నూకరత్నం చెంగులో ముఖం దాచుకుంది.

యర్రమ్మ ముక్కు చీదుకుంటూ దడిలోంచి వెదురు ముక్క ఒకటి పీక్కొచ్చింది. "ఏళ్ళే బద్దని ఇర్రవీగినాను. ఒక వలకి ఒక మనిసి ఏళ్ళేనని సెప్పలేదు. నాదే బుద్ధి తక్కువ! ఇంక బద్దెట్టుకునే అల్లండి, ఇద్దరూను." ముక్కని కొడుకు ముందు పెట్టి అడిగింది. "ఎవరి ఏళ్ళ కొలతకి కొయ్యమంటావురా?"

కన్నారావు కింద పడ్డ కత్తి తీసుకున్నాడు. నూకరత్నం చెయ్యి అందుకుని, ఆమె రెండు వేళ్ళనూ వెదురు మీద ఆనించాడు. కుడిచేత్తో కత్తి పట్టుకుని, అటొక గాటు, ఇటొక గాటు పెట్టాడు.

"ఇన్నాళ్ళూ ఈ ఏళ్ళ మీదే బతికాను. కొలత ఇంకెవరిదవుద్ది?"

"సాల్లే, సెయ్యొగ్గు! పొయ్యి మీద పులుసు మాడిపోతంది!" అని నూకరత్నం ఏడుస్తూనే కసిరింది.

చెయ్యి మాత్రం తీసుకోలేదు.