ఎలుగుబంటికిచ్చిన మాట

నీలగుండ రాజ్యంలో తీపి చచ్చిపోయింది. బెల్లం చేదు, చెరకు చేదు, చివరికి తల్లిపాలూ చేదే. పసివాళ్ళు పాలు నోట పడగానే ఉమ్మేసి గుక్కపట్టి ఏడుస్తున్నారు. కట్టెలమ్మే వీరన్న కూతురు పైడమ్మకు పన్నెండేళ్ళు. ఆమె తమ్ముడు పాలు ముట్టి రెండు రోజులైంది.

ఇదంతా తేనె వర్తకుడు భూషయ్య నిర్వాకం. తేనెపట్టు కోసేటప్పుడు పిల్లపురుగులున్న భాగం వదిలేస్తామని వర్తకుల తాతలు అడవి యక్షిణికి మాటిచ్చారు. భూషయ్య దాన్నీ పిండి, పైగా బెల్లం పాకం కలిపి అమ్మాడు. యక్షిణి శపించింది. రాజుగారేమో ఇంకా విచారణ జరిపిస్తున్నారు!

"వీళ్ళ విచారణ తేలేలోగా నా తమ్ముడుంటాడా?" అని పళ్ళు కొరికి, పైడమ్మ యక్షిణినే అడుగుదామని అడవిదారి పట్టింది.

ముళ్ళపొదలు దాటి, మొసళ్ళ వాగు ఈది, యక్షిణి ఉండే కొండ కిందికి చేరేసరికి ఒక ఎలుగుబంటి అడ్డం నిలిచింది.

"తేనె దొంగల ఊరిదానివేగా? పో వెనక్కి!"

"దొంగ వేరే ఉన్నాడు. నన్నంటే ఊరుకోను!"

"అబ్బో, నోరు బాగానే ఉందే! నేను నీళ్ళు తాగొచ్చేదాకా నా కూనను కాచుకుంటావా? తోడేళ్ళున్నాయి. తర్వాత దారి చూపిస్తా."

"కాచుకుంటా. మాట."

ఎలుగు అటు వెళ్ళగానే ఇటు ఒక రాక్షసుడు ఊడిపడ్డాడు. వాడి చేతిలో తేనె బుర్ర.

"ఒక్క చుక్క నాలుకకు రాస్తే నీ తమ్ముడు పాలు తాగుతాడు. తీసుకుని ఇప్పుడే పరుగెత్తు. ఆ కూన నీకేమవుతుందని?"

పైడమ్మ చెయ్యి చాచింది. తమ్ముడి ఎండిన పెదాలు కళ్ళముందు మెదిలాయి. అంతలో కూన భయపడి ఆమె పావడాలో తల దూర్చింది. పైడమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"'ఆ పురుగులు నాకేమవుతాయిలే' అనుకునే భూషయ్య వాటిని పిండాడు! నువ్వూ ఆ బాపతే! పో!" అని ఏడుస్తూనే రాయి విసిరింది.

రాయి తగలగానే రాక్షసుడు మాయమై, ఆ చోట యక్షిణి నిలిచింది.

"ఈ బుర్ర నీదే. ఇకమీదట నీ మాట మీదే మీ ఊరికి తేనె. పద!"

"ఉండు. ఎలుగు రానీ!"

యక్షిణి పకపకా నవ్వింది.

ఎలుగు వచ్చాకే పైడమ్మ కదిలింది. దాని వీపుమీదే ఊరు చేరింది. చుక్క నాలుకకు తగలగానే తమ్ముడు చప్పరిస్తూ అమ్మ ఒడి వెతుక్కున్నాడు. ఊరూరికీ చుక్క పంచారు, శాపం విరిగింది. రాజు సిగ్గుపడి తేనె అంగడి పెత్తనం పైడమ్మకే అప్పగించాడు. ఆమె అమ్మే తేనెను జనం రుచి చూడకుండానే పట్టుకెళ్ళేవారు.

ఒకనాడు భూషయ్య వచ్చాడు. "అమ్మా పైడమ్మా, నా కుండల్లో ఉన్నదీ నీ తేనేనని ఒక్క మాట చెప్పు. జనం నా కుండలూ కొంటారు."

"నా పేరు అరువిచ్చేది కాదు. తాతల మాట తప్పానని యక్షిణి ముందు ఒప్పుకుని రా. అప్పుడు నీ పేరుతోనే అమ్ముకో!"

అంగడంతా చూస్తుండగా భూషయ్య చెప్పులు విడిచి అడవివైపు నడిచాడు. నీలగుండలో తేనె తియ్యగా, పైడమ్మ కోపం కారంగా, అంగడి చల్లగా చాలాకాలం సాగాయి.