మగ్గం దగ్గర మూడో ముఖం

గద్వాలలో నాది చీరల దుకాణం. దుకాణం అనడం కూడా గొప్పే, మా ఇంటి ముందుగది. అమ్మకమంతా ఫోన్లోనే జరుగుతుంది. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి ఆడవాళ్లు వీడియో కాల్ చేసి కొంగు చూపించు, అంచు చూపించు, ఇంకోసారి కొంగు చూపించు అని ప్రాణం తీస్తారు. ఒక చేత్తో ఫోను పట్టుకుని ఒక చేత్తో చీర ఎలా పరవాలో వాళ్లే చెప్పాలి. అందుకే మొన్న ఉగాదికి స్మార్ట్ కళ్లజోడు తెప్పించాను. ఫ్రేము మూలన కెమెరా, చెవి దగ్గర చిన్న స్పీకరు. రెండు చేతులూ ఖాళీ.

వచ్చిన కొత్తలో అది ముక్కు మీద నిలవలేదు. నాది సన్నటి ముఖం. అద్దాల షాపులో చెవులకు తగిలించే కాడలు వేడి చేసి లోపలికి వంచి, నా తలకు సరిగ్గా బిగించి ఇచ్చారు. ఆ తర్వాత నాకు చీరలు నేసే మల్లమ్మ పెద్దమ్మ సరదాకి పెట్టుకోబోతే ఆమెకు పట్టనే లేదు.

అందులో ఇంకో సౌకర్యం ఉంది. ఎవరైనా కొత్తవాళ్లు ఎదురుపడితే "కొత్త ముఖం. ఎవరు?" అని చెవిలో అడుగుతుంది. ఒకసారి పేరు చెబితే చాలు, ఆ మనిషి మళ్లీ కనబడగానే పేరు చెప్పేస్తుంది. ఎవరికీ తెలియకుండా అందరూ నాకు తెలిసిపోవడం, నిజం చెప్పాలంటే, నాకు భలే నచ్చింది.

మల్లమ్మ పెద్దమ్మ మా వీధి చివర ఉంటుంది. ఆమెది గుంట మగ్గం. గద్వాల చీరకు ఒంటి భాగం నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిపి నేయడం ఒక్కరి వల్ల కాదు. గుంటలో కాళ్లు పెట్టుకుని ఒకరు కూర్చుంటే, పక్కన అంచు పట్టుదారం అటూ ఇటూ మోసే నాడె అందుకోవడానికి ఇంకొకరు ఉండాలి. నేను ప్రతి చీర మడతలో ఆ ఇద్దరి ఫొటోతో ఒక కార్డు పెడతాను. నేసినవాళ్ల ముఖం చూశాక ఎవరికీ బేరమాడబుద్ధి కాదు.

పెద్దమ్మ పక్కన కూర్చునే మనిషి యమున. ఏడు నెలల కిందట కొత్తకోట నుంచి ఒక్క చేతిసంచితో వచ్చింది. చెంపల మీదుగా స్కార్ఫ్ కట్టుకుని, కళ్లు మాత్రమే కనబడేలా పని చేసేది.

"అక్కా, నా మొఖం మాత్రం తియ్యకు. నీ కాళ్లు మొక్కుత."

"ఎందుకే?"

"ఆయనకు తెలిస్తే వచ్చి తీస్కపోతడు. ఈసారి దవాఖాన దాక గూడ పోనియ్యడు."

ఆయన అంటే ఆమె మొగుడు జగదీశ్. హైవే మీద లారీలు బాగుచేసే షెడ్డు ఉంది. "గంత మనిషి అక్కా. తల వంచకపోతే మా గడపల పట్టడు," అంది యమున, తన తల పైన జానెడు ఎత్తున చెయ్యి పెట్టి చూపిస్తూ. అతనికి దొరక్కుండా ఉండటానికే ఆమె ఫోను కూడా పెట్టుకోలేదని అప్పుడు అర్థమైంది.

నేను మాట ఇచ్చాను. కార్డు మీద ఆమె చేతులు మాత్రమే వేశాను. మాట నిలబెట్టుకున్నాననే అనుకున్నాను.

ఒకరోజు లోపలికి వెళ్లేసరికి యమున స్కార్ఫ్ కిందికి లాగి చెంబెత్తి నీళ్లు తాగుతోంది. "కొత్త ముఖం. ఎవరు?" అని చెవిలో వినిపించింది. నా నోరు ఊరుకోదు కదా. ఏ చీర ఏ మగ్గానిదో రోజూ చెప్పే అలవాటు కొద్దీ "యమున, మల్లమ్మ మగ్గం, గద్వాల" అనేశాను. కళ్లజోడు అప్పుడు తీసిన ఫొటో, నా మాటలు రెండూ నా ఆల్బంలో చేరాయి. కార్డు మీది క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేస్తే తెరుచుకునేది అదే ఆల్బం. చీర కొన్న ఎవరైనా చూడొచ్చు. వాళ్ల దగ్గర్నుంచి ఇంకెవరైనా చూడొచ్చు. ఈ సంగతి నాకు తట్టనే లేదు.

మే నెలలో పోలీసుల నుంచి ఫోను వచ్చింది. ఎర్రవల్లి చౌరస్తా దాటాక, గద్వాల వైపు వస్తున్న బైకు ఒకటి లారీ కింద పడిందట. చచ్చిపోయినవాడిది కొత్తకోట, పేరు జగదీశ్. జేబులో ఒక ఫొటో, దాని వెనక నా దుకాణం నంబరు ఉన్నాయట. ఫొటో నాకు పంపించారు. చెంబెత్తి నీళ్లు తాగుతున్న యమున. కింద నా మాటలే, అక్షరం పొల్లుపోకుండా... మల్లమ్మ మగ్గం, గద్వాల.

జగదీశ్ పోయాడని మాత్రమే యమునకు చెప్పాను. జేబులో ఏముందో చెప్పలేదు. అది పిరికితనం, తెలుసు.

యమున ఏడవలేదు. స్కార్ఫ్ విప్పి, సబ్బు పెట్టి ఉతికి, వాకిట్లో తీగ మీద ఆరేసింది.

పన్నెండో రోజు మిట్టమధ్యాహ్నం పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. వీధిలో పిట్ట కూడా లేదు. కరెంటు పోయింది. మగ్గం గదిలో పైనున్న గవాక్షం నుంచి పడే వెలుగు తప్ప అంతా మసకే. గంజి వాసన, తడి నూలు వాసన. వాటి మధ్య ఏదో గ్రీజు వాసన... మగ్గానికి పూసిన నూనె కావచ్చనుకున్నాను.

టక్... టక్... మగ్గం ఆడుతోంది.

"మల్లమ్మ," అంది కళ్లజోడు. "యమున."

తర్వాత కాసేపు ఆగింది.

"కొత్త ముఖం. ఎవరు?"

గదిలో ఇంకెవరూ లేరు. గోడకు దేవుడి క్యాలెండర్ ఉంది. దాన్నే చూసి మోసపోయిందనుకుని క్యాలెండర్ తిప్పి పెట్టాను.

"కొత్త ముఖం. ఎవరు?"

"ఏంది బిడ్డా, అట్ల గోడలు చూస్తున్నవ్?" అంది పెద్దమ్మ.

"లోపల ఎవరన్న ఉన్నరా పెద్దమ్మా?"

"ఎవరుంటరు? మేమిద్దరమే."

నమ్మకం కుదరలేదు. వంటగది తలుపు తోసి చూశాను. నూలు కట్టల వెనక చూశాను. నా బుద్ధి ఎంత పాడైందంటే, యమునే ఎవరినో తెచ్చి దాచిందేమోనని కూడా అనుమానించాను. చివరికి ఫోన్లో కళ్లజోడు యాప్ తెరిచాను. ముఖం దొరికిన చోట ఆ యాప్ చదరపు గీత గీస్తుంది. పెద్దమ్మ చుట్టూ ఒక గీత. యమున చుట్టూ ఒక గీత. మూడోది యమున భుజం వెనక ఖాళీ గాలిలో, బాగా ఎత్తున, వాసాలకు కొంచెం కింద.

ఆ గీత కాస్త వంగింది. యమున మెడ వైపు...

"కొత్త ముఖం. ఎవరు?"

అది మళ్లీ అడగకుండా ఉంటే చాలనిపించింది. అడిగితే జవాబు చెప్పే పాడు అలవాటు ఒకటి ఉండనే ఉంది.

"జగదీశ్," అని గొణిగాను.

"సరే. జగదీశ్. గుర్తుంచుకుంటాను."

యమున చేతిలోంచి నాడె జారి గుంటలో పడింది.

"ఎవరి పేరు తీస్తున్నవ్ అక్కా?"

ఆమె లేచి వాకిట్లోకి పోయి తీగ మీది స్కార్ఫ్ తెచ్చుకుంది. గట్టిగా లాగి రెండుసార్లు ముడి వేసింది.

ఇంటికి వస్తుంటే ఎండలో, ఖాళీ వీధిలో, నా చెవిలో ఆ గొంతు. "జగదీశ్." నాలుగడుగులు వేశాను. "జగదీశ్." గడప దాటాను. "జగదీశ్." కళ్లజోడు తీసి దాని పెట్టెలో పెట్టి, బీరువాలో పడేసి తాళం వేశాను. తాళంచెవి కొంగున కట్టుకున్నాను. ఆల్బం మొత్తం చెరిపేశాను.

ఆ సాయంత్రమే యమునతో అంతా చెప్పేశాను. నీళ్ల చెంబు, నా నోటి మాట, జేబులో ఫొటో, మధ్యాహ్నం మగ్గం దగ్గర చూసింది. ఆమె చేతిసంచిలో బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

"బతికున్నప్పుడు నువ్వే జెప్పినవ్. సచ్చినంక గూడ నువ్వే జెప్పినవ్."

"తప్పయింది యమునా. ఎక్కడికన్న పో. వనపర్తిల నాకు తెలిసినోళ్లు..."

"నీకు తెలిసినోళ్లు వద్దు. నీకు తెల్సిన జాగ వద్దు." చేతిసంచి భుజాన వేసుకుంది. "యాడికి పోతున్ననో నీకు చెప్ప. పెద్దమ్మకు గూడ చెప్ప. ఎవ్వరికి తెల్వకుంటెనే నేను బతుకుత."

నిజమే కదా అనిపించింది. తెల్లారి మొదటి బస్సుకు వెళ్లిపోయిందని పెద్దమ్మ చెప్పింది. పక్కన మనిషి లేక ఆ రోజు మగ్గం ఆగిపోయింది.

పదకొండు గంటలకు నేను చీరలు మడత పెడుతున్నాను. ఫోను టింగుమంది. కళ్లజోడు నుంచి సందేశం.

"యమునను గుర్తుపట్టాను."

కింద ఒక ఫొటో ఉంది. బస్సు లోపల, కిటికీ పక్క సీటు. స్కార్ఫ్ కట్టుకున్న తల, వెనక నుంచి.

మళ్లీ టింగుమంది. ఈసారి ఇంకా దగ్గర నుంచి. స్కార్ఫ్ ముడి కనిపిస్తోంది. రెండుసార్లు వేసిన ముడి.

ఆమెకు ఫోను లేదు. ఏ బస్సో తెలియదు. ఏ ఊరి దారో తెలియదు. ఎవరికి చెప్పను? ఏమని చెప్పను?

మూడో ఫొటో ముందు వైపు నుంచి ఉంది. బస్సు టాపు దగ్గర నుంచి, ఎత్తు మీద నుంచి కిందికి చూస్తున్నట్టు. యమున తల పైకెత్తి ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుంది. స్కార్ఫ్ ముఖం మీద లేదు, కిందికి లాగేసి ఉంది. ఆమె రెండు చేతులూ ఒళ్లో ఉన్న సంచి మీదే ఉన్నాయి.

బీరువా దగ్గరికి పరుగెత్తాను. తాళం వేసే ఉంది. కొంగు ముడిలో తాళంచెవి అలాగే ఉంది. ముడిని పంటితో లాగి విప్పాను.

తెరిచాను. పెట్టె పెట్టిన చోటే ఉంది. కళ్లజోడు అందులోనే ఉంది. చేత్తో పట్టుకుంటే వెచ్చగా తగిలింది. ఎందుకు పెట్టుకున్నానో తెలియదు, పెట్టుకున్నాను.

ముక్కు మీద నిలవకుండా జారి కింద పడింది. వంగి తీశాను. అద్దాల షాపులో వేడి చేసి నా తలకు బిగించిన కాడలు, రెండూ, బయటికి బాగా విచ్చుకుని ఉన్నాయి.