తల్లి ఏడ్చే శుక్రవారం

“ఇది వీధా, మీ ఇంటి మెట్లా?” అని అడిగాడతను మొదటిరోజు, కొలత టేపు చేత్తో పట్టుకుని రొప్పుతూ.

“వీధే. పైన నేనొక్కదాన్నే మిగిలాను కాబట్టి మీకలా కనిపిస్తోంది,” అంది ఆంపారో.

గ్వానహ్వాతో అనే కొండ నగరానికి కొత్త పటం గీయడానికి మెరీదా నుంచి వచ్చిన సర్వేయరతను. పేరు గాస్పార్. వాళ్ళ ఊళ్ళో నేల పళ్ళెంలా ఉంటుందట, వీధులకు పేర్లు కాదు, నెంబర్లేనట. మరి మనుషులు దారి తప్పేదెలా అని ఆమె అడిగితే, తప్పరు, అందుకే ఎవరికీ ఎవరూ అనుకోకుండా ఎదురుపడరు అన్నాడు. ఇక్కడ అలా కాదు. నదిని భూమి కిందికి మళ్ళించి దాని దారిలో బండ్లు నడుపుతున్నారు. కొండలో వెండి తవ్వినవాళ్ళు జాగా దొరికిన చోటల్లా ఇల్లు కట్టుకుంటే, నడుమ మిగిలిందే వీధి. దాన్ని కాగితం మీద పెట్టడానికి అతని తలప్రాణం తోకకొచ్చేది.

తొంభైరెండు మెట్లు కొలవడానికి పదకొండు రోజులు వచ్చాడు. ఎక్కితే ఒక లెక్క, దిగితే ఒక లెక్క వస్తోందనేవాడు. సర్వేయరు గారికి లెక్కలు రావని ఆమె నవ్వేది. అతను దిగిపోయాక ఆ నవ్వును ఆ ఇంట్లో ఎక్కడ దాచుకోవాలో తెలిసేది కాదు.

గని మూతపడ్డాక పై ఇళ్ళు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. పోయిన వేసవిలో అమ్మ కూడా పోయింది. లియోన్‌లో ఉన్న మేనత్త వచ్చెయ్యమంటోంది. వ్యాకులమాత శుక్రవారం దాకా చూస్తానంది ఆంపారో. ఆ రోజు ఎవరైనా గడప తొక్కితే ఉంటుంది. లేకపోతే ఇంటికి తాళమే.

ఆ శుక్రవారం ఇళ్ళల్లో, కొడుకు కోసం ఏడ్చే మరియమాతకు పీఠం అలంకరిస్తారు. వచ్చినవాళ్ళు “తల్లి ఏడ్చిందా?” అని అడగాలి. “ఏడ్చింది” అని ఇంటివాళ్ళు చల్లని పానీయం ఇవ్వాలి. అవే మాత కన్నీళ్ళు. చీకట్లో మొలిపించిన గోధుమ నారు, బంగారు కాగితం జెండాలు గుచ్చిన నారింజలు, ఊదారంగు గుడ్డ, అన్నీ అమ్మ పెట్టినట్టే పెట్టింది ఆంపారో. కూజా నిండా నిమ్మరసం కలిపింది. మధ్యాహ్నమైంది. ఊళ్ళో కుర్రకారంతా కింద తోటలో, ఆనాటి ఆచారంగా అమ్మాయిలకు పూలిచ్చే సందడిలో ఉంది. ఎదురుచూస్తున్నది నువ్వా, నేనా అని మాత ముఖంలోకి చూసింది.

అప్పుడు కింద డాబా మీంచి ముసలి దోన్యా ఎల్వీరా కేక వినబడింది. “పైనింట్లో ఏడ్చిందా?”

ఆంపారో బదులు చెప్పేలోపే మెట్ల మీంచి గాస్పార్ గొంతు లేచింది.

“తల్లి పోయి ఏడాదైనా కాని పిల్లండీ. ఏడ్చిందో లేదో కేకేసి అడుగుతారా? అంత కావాలంటే పైకెళ్ళి కాసేపు పక్కన కూర్చోవచ్చుగా.”

కింద ఎల్వీరా నవ్వు వినబడింది. నేనడిగింది మరియతల్లి గురించి నాయనా అని ఆమె చెప్పేసరికి కింది ఇళ్ళ కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

ఆంపారో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపుగా మారిందో తెలియలేదు. అమ్మ పోయాక ఆమెకు కన్నీళ్ళు రావడం అదే మొదలు.

గాస్పార్ చెవులదాకా ఎర్రబడి గడపలో నిలబడ్డాడు. ఆమె కళ్ళు చూశాక, అడగాల్సిన ఆ మాట అడగలేకపోయాడు. అతను అడగకుండానే ఆమె గ్లాసు అందించింది.

“మీ కొలతలు ఎప్పటికి పూర్తవుతాయి?”

“మొన్ననే అయ్యాయి. పటం ఇచ్చేశాను కూడా.”

“మరి ఈ టేపు?”

“ఉత్త చేతులతో వస్తే ఏమనుకుంటారోనని.”

కింద కర్ర చప్పుడు. మెట్టు మెట్టుకీ ఆగుతూ దోన్యా ఎల్వీరా ఎక్కి వస్తోంది. వెనక ఆరేడుగురు. చీవాట్లు పెట్టిన సర్వేయరు ముఖం చూద్దామని కావచ్చు, అతనన్న మాట ఎక్కడో తగిలి కావచ్చు.

ఆంపారో కూజా ఎత్తి చూసింది. అంతమందికి చాలదు.

“చేతులు కడుక్కుని ఆ బుట్టలో నిమ్మకాయలు పిండుతూ ఉండండి,” అంది. “లియోన్‌కి రావడం లేదని అత్తకి ఫోన్ చేసి వస్తాను.”