నిప్పట్టుకు చిల్లు ఎట్లా వచ్చింది

భోజనాల గంట కొట్టేసరికి పెనుకొండ బడిలో ఆరో తరగతి గది నిండా చార్టులు వేలాడుతున్నాయి. 'మా ఇంటి తినుబండారం, దాని చరిత్ర' అని సుకన్య టీచర్ ఇచ్చిన ప్రాజెక్టు అది.

అన్నిటికంటే పెద్ద చార్టు భాగ్యశ్రీది. బియ్యప్పిండి, వేరుశనగ పప్పు కలిపి చేసే కరకరలాడే నిప్పట్లు హిందూపురం అంగళ్లలోనూ దొరుకుతాయి. కానీ భాగ్యశ్రీ వాళ్ళింట్లో చేసే నిప్పట్టుకు నడిమధ్యలో వేలు దూరేంత చిల్లు ఉంటుంది. అది ఎందుకో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాయమన్నారు టీచర్.

చార్టు రాసే రోజు అవ్వ ఇంటి వసారాలోనే ఉంది. కానీ అక్కడిదాకా పోవాలంటే ఫోన్‌లో ఆట ఆపాలి. అందుకని భాగ్యశ్రీ కూర్చున్నచోటే చరిత్ర తయారుచేసింది. పూర్వం పెనుకొండ కోట సైనికులు యుద్ధానికి పోతూ నిప్పట్లను ఈటెకు గుచ్చుకుని పోయేవాళ్ళట. పక్కన పెన్సిలుతో ఈటె బొమ్మ కూడా వేసింది. ఈటె బాగా కుదిరింది.

టీచర్ మురిసిపోయి ఆ చార్టును గుమ్మానికి ఎదురుగా పెట్టించారు. అంతటితో ఆగినా బాగుండేది. నిప్పట్లు తీసుకుని రమ్మని అవ్వకు ఫోన్ కూడా చేశారు.

ముత్యాలమ్మవ్వ స్టీలు డబ్బాతో వచ్చింది. ఆమెకు చదువు రాదు, చార్టులో ఏముందో తెలియదు. హెడ్మాస్టరు ప్రసాద్ సారు ఒక నిప్పట్టు కొరికి, "ఏమమ్మా, మీ పెద్దోళ్లు వీటిని ఈటెకు గుచ్చుకొని యుద్ధానికి పోతాండిరంట గదా," అన్నారు.

అవ్వ మనవరాలి వైపు చూసింది. భాగ్యశ్రీ మొహంలో నెత్తురు చుక్క లేదు. అవ్వకు సగం అర్థమైంది. పదిమందిలో మనవరాలిని వదిలేస్తుందా?

"అవును సామీ. మా తాత ఈటె ఇంగా ఇంట్లోనే ఉండాది."

సారు సంబరపడిపోయారు. రేపే దాన్ని బడికి తెమ్మన్నారు, ఫొటో తీసి పేపరుకు పంపుదామన్నారు. అవ్వ డబ్బా మూత బిగించసాగింది. ఆ ఇంట్లో ఉన్న ఆయుధాలల్లా ఒక కొడవలి, ఒక అట్లకాడ.

తనను కాపాడబోయి అవ్వ ఇరుక్కుపోయిందని భాగ్యశ్రీకి ఏడుపొచ్చింది.

"ఈటె లేదు సార్. అవ్వ నా కోసం చెప్పింది. నేను అవ్వను అడగనే లేదు, అంతా కల్పించి రాసినా."

 టీచర్ చార్టు వైపు చూసి, మరి ఈ చిల్లు ఎక్కడిదని అవ్వను అడిగారు.

అవ్వ సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా యమ్మ మంచివన్నీ సుట్టాలకని దాసిపెడ్తాండె. ఇరిగినవే పిల్లోళ్లకి. నాకప్పుడు ఏడేండ్లు. అమ్మ అట్ల పక్కకు పోతానే, తట్టిపెట్టిన వాటికంతా యేలు పెట్టి పొడిసినా. ఇరిగినవాటి లెక్కే గదా అని."

గదంతా గొల్లున నవ్వింది. మీ అమ్మ తిట్టలేదా అని సారు అడిగారు. బాగా తిట్టిందట. కానీ ఆ తర్వాత పిల్లల వాటాకు తనే చిల్లు పెట్టి నూనెలో వేసేదట. కొన్నాళ్లకు చుట్టాలు కూడా చిల్లు పెట్టినవే కావాలన్నారట.

భాగ్యశ్రీ రబ్బరు తీసి, అంత బాగా కుదిరిన ఈటెను చెరిపేసింది. ఆ చోట వేలు బొమ్మ వేయబోయి ఆగింది. పెన్సిలు పక్కన పెట్టి, లేచి అవ్వ దగ్గరికి పోయింది.

"అవ్వా, ఏ వేలు?" అని అడిగింది.